నీళ్లు తగ్గేదాకా

ఆదివారం చీకటి పడేలోగా వచ్చి తాళంచెవి తీసుకోకపోతే గది ఇంకొకరికి ఇచ్చేస్తానని ఇంటావిడ కచ్చితంగా చెప్పింది. నేను వేరే గది చూసుకున్న సంగతి మా ఫ్లాట్‌లో ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా అక్కకి చెప్పలేదు. అందుకే శనివారం పొద్దున అక్క "సముద్రం పక్కనే పోయే రోడ్డట, కారు మాట్లాడేశాను, లేవండి లేవండి" అన్నప్పుడు నేను కిక్కురుమనలేదు. ఆదివారం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తాం కదా అని మాత్రం పదిసార్లు అడిగి ఖాయం చేసుకున్నాను.

అక్క మా ఫ్లాట్‌లో ఎవరికీ సొంత అక్క కాదు. మందుల మీద పరిశోధన చేస్తుంది, మా ముగ్గురికన్నా పెద్దది. చదువు కోసం దేశం కాని దేశంలో దిగిన రోజు నన్ను విమానాశ్రయం నుంచి తీసుకొచ్చి, తన దుప్పటి నాకు కప్పి, తను కోటు కప్పుకుని పడుకుంది. ఆ దుప్పటి కిందనుంచి నేనింకా బయటపడలేదు. మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. నేను రాత్రి అటు తిరిగి పడుకుంటే "నిద్ర పట్టట్లేదా?" అంటుంది, ఇటు తిరిగితే "ఏమైంది?" అంటుంది. పుస్తకం తెరిస్తే పాలు తెచ్చిస్తుంది. పాలు తాగితే గ్లాసు తీసుకెళ్లి, ఎంత మిగిల్చానో మా అమ్మకి ఫోన్‌లో చెబుతుంది. తిట్టుకుందామంటే ఒక్క తప్పూ దొరకదు, అదే నా ఖర్మ.

నేను చూసుకున్నది మేడ మీది గది. మంచం, బల్ల, ఒక కిటికీ. తలుపుకి లోపల గడియ ఉంది. నేను పడిపోయింది ఆ గడియకే.

కారులో ముందు సీట్లో అక్క. స్టీరింగ్ దగ్గర మేమంతా డ్రైవరని పిలిచే పిల్ల. మాలో లైసెన్సున్నది తనకొక్కదానికే, మాటలు మాత్రం పొదుపు. వెనక నా పక్కన కుంభకర్ణ. ఆ పేరెందుకొచ్చిందో కారెక్కిన కాసేపటికే గురక పెట్టి నిరూపించుకుంది. శనివారమంతా కొండలు, మలుపులు, అక్క పాటలు. ఆదివారం తిరుగు దారిలో, దూరంగా సముద్రం మధ్యలో దిబ్బ, దాని మీద పాడుబడ్డ లైట్‌హౌసు కనపడ్డాయి. ఒడ్డు నుంచి దానిదాకా నీళ్లకి కాస్త పైన సన్నటి రోడ్డుంది.

"ఒక్క ఫొటో" అంది అక్క.

రోడ్డు మొదట్లో పెద్ద బోర్డు, నీళ్లు ఏ వేళకి రోడ్డెక్కుతాయో, ఏ వేళకి దిగుతాయో రాసిపెట్టారు. డ్రైవరు బోర్డు ముందు కారాపి దాని ఫొటో తీసుకుంటుంటే అక్క నవ్వింది. "మనం సముద్రం చూడనివాళ్లమా తల్లీ? పద." అదే మా కొంప ముంచింది. మేమంతా సముద్రం పక్కన పుట్టిపెరిగినవాళ్లమే. మా సముద్రం పద్ధతి గలది. పొద్దున ఎక్కడ చెప్పులు విడిస్తే సాయంత్రమూ అక్కడే ఉంటాయి. సముద్రం రోడ్డెక్కడమేంటి, అంతా విచిత్రం కాకపోతే, అనుకున్నాం.

దిబ్బ మీద గాలి చెవులు కోసేస్తోంది. కారులోనే కూర్చుని తిందామంది అక్క. రాత్రి బస చేసిన చోట పొద్దున వండి తెచ్చిన డబ్బా మూత తీసి, అన్నం కలిపి, ముద్దలు చేసి, ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఒక్కొక్కరి చేతిలో పెడుతోంది. కుంభకర్ణకి కళ్లు తెరిపించకుండానే నోట్లో పెట్టింది. నేను చెప్పేద్దామనుకున్నాను. గది సంగతి ఎలాగూ ఇవాళ బయటపడేదే, దారిలో చెప్పేస్తే ఇంటికెళ్లి పెట్టె సర్దుకోవచ్చు.

"అక్కా, నీకో మాట చెప్పాలి."

"చెబుదువుగానిలే, ముందు ఇది తిను."

"అది కాదక్కా, నేను..."

"చల్లారిపోతుందే!"

నోట్లో ముద్ద పెట్టుకుని ఎవరూ గొప్ప విషయాలు మాట్లాడలేరు. డబ్బా అడుగు కనపడేదాకా ఆ పంక్తి సాగింది. ఈలోగా పక్కనున్న కార్లు ఒకటొకటే వెళ్లిపోయాయి. "హమ్మయ్య, జనం తగ్గారు, ఫొటోలు బాగా వస్తాయి" అని అక్క సంబరపడింది. ఫొటోలయ్యాక డ్రైవరు కిందకి వెళ్లి చూసొచ్చింది.

"రోడ్డు లేదు."

"లేకపోవడమేంటే?"

"ఉంది. నీళ్ల కింద." తన ఫోన్‌లో బోర్డు ఫొటో పెద్దది చేసి చూసింది. "చీకటి పడే వేళకి తేలుతుందట. అప్పటిదాకా ఇక్కడే."

అక్క పగలబడి నవ్వింది. "భలే! పిక్నిక్ పొడిగించినట్టే!" నేను మాత్రం కాళ్లు పట్టేశాయి, కాస్త నడిచొస్తానని చెప్పి దిగి, లైట్‌హౌసు వెనక్కి పోయి ఇంటావిడకి ఫోన్ చేశాను. ఆలస్యమవుతుంది, దయచేసి ఒక్క పూట ఆగండి, రేపు పొద్దున్నే వచ్చేస్తానని బతిమాలాను.

"అదేంటమ్మా?" అంది ఆవిడ. "నిన్ను ఎరిగినవాళ్ల నంబరు అడిగితే ఒకటిచ్చావు కదా, దానికి నిన్న రాత్రి ఫోన్ చేశాను. మీ అక్కట. నువ్వు మనసు మార్చుకున్నావనీ, నాతో చెప్పడానికి మొహమాటపడుతున్నావనీ చెప్పింది. ఎంత మర్యాదగా మాట్లాడిందో. గది వేరేవాళ్లకి ఇచ్చేశాను."

నిజమే, నంబరిచ్చింది నేనే. కాలేజీలో, బ్యాంకులో, దంతాల డాక్టరు దగ్గర, ఎవరడిగినా అక్క నంబరే ఇవ్వమని అమ్మ మొదటి రోజే నూరిపోసింది. ఆవిడ అడగ్గానే నోరు దానంతటదే అప్పజెప్పింది. అక్క నుంచి పారిపోవడానికి అక్కనే సాక్ష్యం పెట్టుకున్న తెలివి నాది.

కోపం నషాళానికెక్కింది. కారు దగ్గరికి పోకూడదనుకుని రెండో వైపు విసవిసా నడిచాను. నాలుగు రాళ్లు దాటానో లేదో మళ్లీ కారే ఎదురొచ్చింది. దిబ్బ అంతే. అలగడానికి కూడా చోటు చాలదు.

తలుపు తీసి కూర్చున్నాను. "ఆవిడతో ఏం చెప్పావక్కా?"

అక్క తొణకలేదు. నా కోసమే ఎదురుచూస్తున్నట్టుంది. "ఉన్నదే చెప్పాను. నీకు వద్దని."

"నాకు వద్దని నీకెవరు చెప్పారు?"

"నీకేం కావాలో నీకు తెలుసా? ఒక్కదానివి పడి ఉంటే, జ్వరమొస్తే గ్లాసెడు నీళ్లిచ్చేదెవరే? వారం నుంచీ మొహం ముడుచుకుని తిరుగుతుంటే, బెంగ పెట్టుకుందేమోనని నీ కోసమే ఈ ప్రయాణం పెట్టాను. నువ్వేమో నా చాటున గది చూసుకున్నావు." అక్క ఖాళీ డబ్బా ఒళ్లోకి లాక్కుంది. "నేనేం తక్కువ చేశాను?"

"ఏమీ తక్కువ చేయలేదు! అదే నా బాధ! నాకు ఊపిరాడట్లేదక్కా. జ్వరమొస్తే ఒక్కదాన్నే మూలుగుతాను, అదేదో నన్నే పడనీ!"

అరిచాను. అరిచి ఏడ్చాను. అక్కా ఏడ్చింది. డ్రైవరు స్టీరింగ్ వైపు చూస్తూ కూర్చుంది. కుంభకర్ణ లేచి, గొడవ విని, మళ్లీ కళ్లు మూసుకుంది, ఈసారి నటన. చుట్టూ నీళ్లు. దిగి తలుపు ధడాలున వేసి పోవడానికి లేదు. ఏడుపు ఆగాక అక్క తన చున్నీతో నా మొహం తుడవబోయింది. తల పక్కకి తిప్పుకున్నాను.

వెలుతురు తగ్గుతుండగా నీళ్లలోంచి రోడ్డు ముక్కలు ముక్కలుగా తేలడం మొదలైంది. డ్రైవరు ఇంజను ఆన్ చేసింది. అప్పుడే అక్క ఫోన్ మోగింది. అమ్మ. రోజూ వంటిల్లు సర్దుకున్నాక నాతో మాట్లాడ్డానికి అక్కకి ఫోన్ చేస్తుంది. నాకు చేస్తే ఎత్తనట. అక్క ఒక్క క్షణం నా వైపు చూసి, స్పీకర్ పెట్టి ఫోన్ నా చేతిలో పెట్టింది. చెప్పుకో అన్నట్టు.

"తిన్నావే?" అంది అమ్మ.

"తిన్నాను. అమ్మా, నేను ఫ్లాట్ మారతాను. ఒక గది చూసుకున్నాను, పోయింది. ఇంకోటి చూసుకుంటాను. ఒక్కదాన్నే ఉంటాను."

ఇన్ని మాటలు ఒక్క ఊపిరిలో అమ్మతో ఎప్పుడూ అనలేదు. కుంభకర్ణ కళ్లు పూర్తిగా తెరిచింది.

"అక్కని అడిగావా?" అంది అమ్మ.

"అడగలేదు. అడగను. నీకు చెబుతున్నాను కదా."

"సరేలే, ఫోన్ అక్కకివ్వు."

"నాతో మాట్లాడమ్మా."

"నీతో తర్వాత మాట్లాడతాను. ముందు అక్కకివ్వు."

అది అక్క ఫోనే. అక్క చెయ్యి చాపింది. ఇచ్చాను. అక్క కళ్లు తుడుచుకుని, గొంతు సవరించుకుని, రోజూ మాట్లాడే గొంతు తెచ్చుకుంది.

"ఏం లేదు ఆంటీ, అలిసిపోయింది, అంతే. మీరేం కంగారు పడకండి. నేనున్నాగా."

"నువ్వున్నావనేగా తల్లీ నా ధైర్యం" అంది అమ్మ. నిశ్చింతగా ఊపిరి వదలడం కారులో అందరికీ వినిపించింది.

"పోదామా?" అంది డ్రైవరు, అద్దంలోంచి నన్నే చూస్తూ. రోడ్డు పూర్తిగా తేలింది. పోదామన్నాను.