కప్పు తీసిన హెరాల్డ్

వాన వెలియగానే నేను చేసే మొదటి పని కారులోంచి నీళ్ళు తోడటం. బాత్రూములోని ప్లాస్టిక్ మగ్గు, ఒక బకెట్ పట్టుకుని, కుచ్చిళ్ళు పైకి దోపుకుని, డ్రైవరు కాళ్ళు పెట్టుకునే గుంటలో మొదలుపెట్టి వెనక సీటు దాకా తోడాలి. మగ్గుకి అందని నీళ్ళని పాత తువ్వాలుతో అద్ది పిండాలి. అప్పటికి ఎనిమిదిన్నరవుతుంది. నేనింకా ఇడ్లీలు పెట్టి, స్నానం చేసి, ఆఫీసుకి పోవాలి.

"సీటు స్ప్రింగులు తుప్పు పడతాయి, బాగా తుడువు భవానీ" అంటాడు మా ఆయన ఇళవరసన్, కిటికీలోంచి కాఫీ గ్లాసుతో.

ఆ కారు హెరాల్డ్. అరవైల నాటిది. రెండే తలుపులు, పైన రేకు బదులు వెనక్కి మడిచేసే గుడ్డ కప్పు. గుడ్డ ఎప్పుడో చీకిపోయింది. మూడేళ్ళ కిందట బీచి దగ్గర ఒక పాత బంగళా ఖాళీ చేస్తుంటే ఇళవరసన్ దాన్ని కొని, లారీ మీద ఉప్పళం పేటలోని మా ఇంటికి తెచ్చాడు. నిమ్మకాయలు కోసి దిష్టి తీయించాడు. స్నేహితులతో ఫోటోలు దిగాడు. "నా చేతుల్తో దీన్ని మళ్ళా రోడ్డెక్కిస్తా, చూస్తా ఉండండి" అన్నాడు. ఒక నెలపాటు రోజూ సాయంత్రం ఏదో ఒకటి విప్పాడు. విప్పినవి డాల్డా డబ్బాల్లో చేరాయి. ఆ తరవాత కారు ముంగిట్లో అలాగే ఉండిపోయింది. అంతకుముందు చేపల తొట్టి ఇలాగే అయింది. దానికి ముందు మిద్దె మీద పావురాలు, దానికి ముందు గిటారు. గిటారు బీరువా మీదకెక్కింది. కారుని ఎక్కించడానికి అంత పెద్ద బీరువా లేదు.

దాని కోసం నా స్కూటరు వీధిలోకి పోయింది. బట్టలారేసే తీగ మిద్దె మీదకి పోయింది. పైన రేకులు వేయిస్తానన్న మాట మూడు వానాకాలాలు చూసింది. ఆదివారం సాయంత్రం మాత్రం ఆయన స్నేహితులు, మణికంఠన్, ఇంకో ఇద్దరు, కారు చుట్టూ ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కార్బురేటర్ గురించి మాట్లాడేవాళ్ళు. నేను వడలు వేసేదాన్ని. "రెస్టోరేషన్ అంటే ఓర్పు కావాల" అనేవాడు ఇళవరసన్, వడ కొరికి. "ఆడోళ్ళకి ఇది అర్థం కాదు."

నేను యానాం పిల్లని. పెళ్ళై ఈ తమిళ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు. ఒక ప్రభుత్వాఫీసులో అసిస్టెంటుని. మా సెక్షన్‌లో ఎవరు రిటైరైనా శాలువా కొనేది, మిక్చరు పొట్లాలు పంచేది, ఎంగిలి ప్లేట్లు ఏరేది నేనే. "భవాని మేడం ఉంటే ఇంట్లో ఉన్నట్టే ఉంటది" అంటారు మా పై అధికారి లోకనాథన్ సార్. నాకూ అలానే ఉంటుంది. అదే నా బాధ.

ఆ ఏడు వానలు గట్టిగా పడ్డాయి. ఊళ్ళో డెంగీ జ్వరాలు. ఒక పొద్దున దోమల నివారణ వాళ్ళు ఇల్లిల్లూ తనిఖీ చేస్తూ మా ఇంటికొచ్చారు. ఒకామె టార్చి వేసి కారు వెనక సీటు కింద చూసింది. అంతకుముందు రెండ్రోజులూ నాకు నడుం పట్టేసి తోడలేదు. నీళ్ళలో పురుగులు మెలికలు తిరుగుతున్నాయి.

"ఇంటావిడ ఎవరు?" అంది ఆమె.

చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చాను. చదువుకున్నవాళ్ళు కదమ్మా, ఇంటిని ఇలా పెట్టుకుంటారా, పక్కింట్లో పసిపిల్లలున్నారే అని వీధి వీధంతా వినేలా తిట్టింది. తిట్టడంలో తప్పు లేదు. అప్పుడే ఇళవరసన్ లోపల్నుంచి వచ్చాడు, చేతిలో పేపరుతో.

"నేను చెప్తానే ఉండా మేడం, నీళ్ళు నిలవనీయొద్దని" అన్నాడు ఆమెతో. "వింటే కదా."

ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది. ఆయన లోపలికెళ్ళాడు. నేను మగ్గు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. కోపం వెంటనే రాలేదు. ముందు నవ్వులాంటిదేదో వచ్చింది. కారు గురించి ఎవరడిగినా "నా కారు" అంటాడు. నీళ్ళ గురించి అడిగితే నా వైపు చూపిస్తాడు. చేపలు కొన్నప్పుడు అవి ఆయన చేపలు, తొట్టి కంపు కొట్టినప్పుడు ఇల్లు నాది. మా అమ్మాయి దీప విషయంలోనూ అంతేగా, మొదటి ర్యాంకు వస్తే "నా కూతురు", జ్వరం వస్తే "నీ కూతుర్ని చూసుకోవా". ఇప్పుడా పిల్ల చెన్నైలో ఉద్యోగం చేసుకుంటోంది, దానికెవరి పేరు తగిలించినా లెక్కచేయదు. నేనే ఇంకా మగ్గు పట్టుకుని ఉన్నాను. ఈ మగ్గు నా చేతిలో ఎవరు పెట్టారో గుర్తు చేసుకుందామని చూశాను. ఎవరూ పెట్టలేదు. నీళ్ళు కనపడితే నేనే తెచ్చుకున్నాను.

ఆ వేళ ఆఫీసుకి సెలవు పెట్టాను. కారులోని కుళ్ళిన జనపనార పట్టాలన్నీ పీకి వీధిలో పడేశాను. అడుగున చెయ్యి పెట్టి తడిమితే రేకులో గుండ్రంగా, మెత్తగా ఏదో తగిలింది. రబ్బరు బిరడా. పాతకాలం వాళ్ళు నీళ్ళు పోవడానికే పెట్టినట్టున్నారు. స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే ఊడొచ్చింది. నీళ్ళన్నీ గలగలమని కిందకి దిగిపోయి, ముంగిలి దాటి కాలవలో కలిశాయి. మూడు వానాకాలాలు మగ్గుతో తోడాను. ఎవరూ అడుగున చూడలేదు. నేనూ చూడలేదు. కారు నాది కాదనుకున్నాను మరి. నీళ్ళు మాత్రమే నావి.

సాయంత్రం ఇళవరసన్‌తో చెప్పాను. "ఇకనుంచి కారు పని నేను చేస్తాను."

ఆయన టీవీ సౌండు తగ్గించాడు. "ఏంది?"

"కారు. నేను చేస్తాను."

"చెయ్యి, చెయ్యి" అని నవ్వాడు. "స్పానర్లు యాడ ఉండాయో తెలుసా ముందు?"

తెలుసు. మూడేళ్ళుగా వాటి మీద దుమ్ము దులుపుతున్నది నేనే.

ఆదివారం స్నేహితులొచ్చేసరికి నేను పాత చుడీదారు వేసుకుని, కారు పక్కన నేల మీద పడుకుని, గరుకు ఉప్పుకాగితంతో తుప్పు గీకుతున్నాను. ఆ కారుకి ముందు భాగమంతా ఒకే మూత. మడ్‌గార్డులతో సహా ముందుకి వంగి లేస్తుంది. అది లేపి ఉంచాను. వాళ్ళు కుర్చీలు వేసుకుని కాసేపు కూర్చున్నారు. వంటింట్లోంచి వాసనేమైనా వస్తుందేమోనని చూశారు. "ఈరోజు వడలు లేవా సిస్టర్?" అన్నాడు మణికంఠన్. "లేవండి, చేతులు బాలేవు" అని తుప్పు చేతులు చూపించాను. ఇళవరసన్ మొహం మాడిపోయింది. హోటల్నుంచి తెప్పించాడు. నాకూ ఒకటి పెట్టారు, బాగానే ఉంది.

మా అత్తగారు భాగ్యం గుమ్మంలో నిలబడి నెత్తి కొట్టుకున్నారు. "ఏందమ్మే ఇది? మొగుడు కుర్చీలో, పెండ్లాం బండి కింద. చూసేవోళ్ళు ఏమనుకుంటారు?"

"చూసేవాళ్ళకి రెండూ కనిపిస్తాయి కదండీ అత్తయ్యగారూ" అన్నాను కిందనుంచే. ఆవిడ ఇంకేదో గొణుక్కుంటూ లోపలికి పోయారు. చాన్నాళ్ళ తరవాత, నేను డబ్బాల్లోని బోల్టులు వేరుచేస్తుంటే వచ్చి మెట్టు మీద కూర్చుని, ఉన్నట్టుండి అన్నారు: "చిన్నప్పట్నుంచి వాడంతే. మొదలుపెట్టేది వాడు. చచ్చిపోయిన చేపల్ని పారేసింది నేను." అంతే. నాకు సాయం చేయనూ లేదు, మెచ్చుకోనూ లేదు. కానీ ఆ రోజునుంచి రాత్రి దోసెలు ఆవిడే పోశారు.

ఇంజిను పనికి వంతెన అవతలున్న అరియాంకుప్పం నుంచి అణ్ణాదురై అనే ముసలి మెకానిక్ వచ్చేవాడు. మంచి పనివాడే, కానీ నేనడిగిన ప్రశ్నకి జవాబు కుర్చీలో ఉన్న ఇళవరసన్‌కి చెప్పేవాడు. ఇళవరసన్ తలూపి మళ్ళీ ఫోను చూసుకునేవాడు. ఒకరోజు ఏదో పార్టు ఫోటో నాకు పంపమంటే అణ్ణాదురై తన ఫోనులో నా నంబరు వెతుకుతూ నాకు చూపించాడు. "ఇళవరసన్ సార్ సంసారం" అని ఉంది, అంటే ఆయన పెళ్ళాన్నని.

"నా పేరు గంగాభవాని. మార్చండి" అన్నాను.

"అందుకేముందమ్మా, నాకు గుర్తు కోసం..."

"నాకూ గుర్తు కోసమే. మార్చండి."

పొట్టి వేళ్ళతో అక్షరం అక్షరం కొట్టాడు. తరవాత, ఆ పేరు కొట్టిన కష్టానికేమో, మెల్లమెల్లగా నాతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. రేడియేటరు ఎలా కడగాలో, ప్లగ్గుల మధ్య సందు ఎంత ఉండాలో చెప్పాడు. క్లచ్ తొక్కడం నాకు వచ్చు. పెళ్ళికి ముందే యానాంలో లైసెన్సు తీసుకున్నాను. పెళ్ళయ్యాక అప్పటి మా మారుతి కారు నడుపుతానని ఒకసారి అడిగితే "నీకు బండి గోడకి గుద్దేది ఎట్లో బాగా తెలుసు" అన్నాడు ఇళవరసన్. ఇక అడగలేదు. అడక్కపోవడం అలవాటైపోతే అది మన స్వభావమే అని అందరూ అనుకుంటారు. మనమూ అనుకుంటాం.

అడుగు రేకులు అతికించాం, రంగు వేయించాం. ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఇంజిను అందుకుంది. మొదట దగ్గింది, పొగ కక్కింది, ఆ తరవాత స్థిరంగా కొట్టుకోసాగింది. వీధిలో వాళ్ళంతా గేటు దగ్గర చేరారు. దీప పుట్టగానే విన్న మొదటి ఏడుపు గుర్తొచ్చింది నాకు.

మరుసటి రోజునుంచి ఇళవరసన్‌కి కారు మళ్ళీ గుర్తొచ్చింది. రోజూ పొద్దున మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. తుడుస్తూ ఫోటో దిగి స్టేటస్‌లో పెట్టేవాడు. "మూడేళ్ళ కష్టం" అని రాశాడు. ఆటో టాపులు కుట్టే కయల్విళి ఇంటికొచ్చి, నేను కత్తిరించిన కాన్వాసు గుడ్డ ఫ్రేముకి పట్టి చూస్తూ "కప్పు వేసి తిరుగుతారా, తీసి తిరుగుతారా?" అని అడిగింది.

"మేము ఫ్రెండ్స్ పోతే తీసేస్తాం" అన్నాడు ఇళవరసన్. "ఆడోళ్ళు కూర్చుంటే వేసుకుని పోతాం. అందరూ చూస్తారు కదా."

కయల్విళి నా వైపు చూసింది. నేను గుడ్డ రెండో అంచు పట్టుకున్నాను.

బీచి రోడ్డులో పాత కార్ల ఊరేగింపు ఉందని ఇళవరసన్ తన పేరిచ్చి వచ్చాడు. ముందు సీట్లో మణికంఠన్, వెనక మిగతా ఇద్దరు. అందరికీ ఒకే రంగు టీషర్టులు. "మరి నేను?" అన్నాను.

"నువ్వు అమ్మని స్కూటర్ మీద తీసుకోని వచ్చేయ్. ఫోటోలు నువ్వు బాగా తీస్తావు."

ఆ ఆదివారం పొద్దున నేను వంటింట్లో వాళ్ళ నలుగురికీ టీ పెడుతున్నాను. బయట సెల్ఫు కొడుతున్న చప్పుడు. అందుకోవడం లేదు. మళ్ళీ మళ్ళీ కొడుతున్నారు. "భవానీ, ఒక నిమిషం రా" అని ఇళవరసన్ కేక. స్టవ్ ఆపేశాను.

వెళ్ళాను. పెట్రోలు వాసన గుప్పుమంది. చోకు పూర్తిగా లాగేశాడు, ఇంజిన్లో పెట్రోలు ఎక్కువైపోయింది. "దిగండి. కాసేపు ఆగాలి" అన్నాను. దిగాడు. నేను కూర్చుని, చోకు లోపలికి నెట్టి, కాసేపాగి, ఆక్సిలరేటర్ అడుగుదాకా తొక్కి తాళం తిప్పాను. ఇంజిను అందుకుంది. మణికంఠన్ చప్పట్లు కొట్టాడు. ఇళవరసన్ నా వైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

"సరి, దిగు. టైమైపోతా ఉంది."

దిగబోయాను కూడా. ఒక కాలు బయట పెట్టాను. అంత అలవాటు. తలుపు పట్టుకున్న నా చెయ్యి చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో ఇంకా నల్లటి గ్రీజు, ఎంత తోమినా పోనిది. ఎక్కడికి దిగుతున్నాను? టీ గిన్నె దగ్గరికి. కాలు లోపలికి తీసుకుని తలుపు వేశాను.

"నేను నడుపుతాను."

"ఆటలొద్దు, అందరూ చూస్తా ఉండారు."

"చూడనివ్వండి."

"నువ్వా? బీచి రోడ్డులో? కప్పు లేకుండా?"

"కప్పు లేకుండానే. పక్క సీటు ఖాళీగా ఉంది, ఎక్కుతారా?"

ఆయన స్నేహితుల వైపు చూశాడు. వాళ్ళు నేల చూశారు. ఒక్క క్షణం, ఎక్కుతాడేమో అనిపించింది. ఎక్కి ఉంటే సంతోషించేదాన్ని, అబద్ధం చెప్పను. ఎక్కలేదు. గేటు కిర్రుమంది. మా అత్తగారు రెండు రెక్కలూ తెరిచి పట్టుకుని నిలబడ్డారు. "ఎడం పక్క రాయుంది, కొత్త రంగు. చూసి పో" అన్నారు.

ఉప్పళం సందుల్లో పాల దుకాణం ముందు నిలబడ్డవాళ్ళు చూశారు. బస్సుల్లోవాళ్ళు కిటికీల్లోంచి వంగి చూశారు. నా తలమీద ఏమీ లేదు, ఎండ తప్ప. చూపులు తగులుతాయని ఇన్నేళ్ళూ భయపెట్టారు. తగిలాయి. నాకేమీ కాలేదు. బీచి రోడ్డులో పాత కార్ల వరసలో మెల్లగా నడిపాను, సముద్రపు గాలికి జుట్టంతా రేగిపోయింది, సవరించుకోలేదు. మైకులో ఇళవరసన్ పేరు చదివారు. నేను చెయ్యెత్తి ఊపాను. వరస అయిపోయాక తిన్నగా వంతెన దాటి అరియాంకుప్పం దాకా పోయి, నాకిష్టమైనంతసేపు తిరిగి వచ్చాను.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. వంటింట్లో టీ గిన్నె అలాగే ఉంది, మీగడ కట్టి. ఇళవరసన్ ఆ టీషర్టుతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"అందరి ముందర నా పరువు తీసినావు" అన్నాడు. "తెలిసే చేసినావు."

ఇలాంటి మాట ఆయన ఎప్పుడన్నా నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. అవును, కానీ పాలు విరిగాయండీ. అవును, కానీ ఆఫీసులో ఆడిట్. అవును, కానీ నా ఉద్దేశం అది కాదు. ఎన్ని చెప్పానో.

"అవును" అన్నాను.

ఆకలేస్తోంది. కంచం తీసుకుని, అన్నం పెట్టుకుని, పప్పుచారు పోసుకుని కూర్చున్నాను. ఇళవరసన్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, అవును తరవాత నేనెప్పుడూ అనే 'కానీ' కోసం.