బావిచూపులు

వైశాఖమాసపు ప్రాతఃకాలమున తూర్పుకొండల నడుమనుండి మెల్లమెల్లగా వెడలివచ్చు బాలభానుని అరుణకిరణములు గుండ్లవంక గ్రామపు ఎఱ్ఱనేలలపై పరచుకొనుచుండ మల్లెపూల పరిమళమును మోసికొని వచ్చు పిల్లగాలి లోకమంతయు నింకను కలగనుచున్నదా యను భ్రాంతిని గొలుపుచుండెను. అట్టి వేళ భూగర్భజలపరీక్షయే వృత్తిగాగల హైమావతి కొలతటేపు చేతబట్టి పొలముగట్టున నడచివచ్చెను. ఊరి చెంతనున్న బీడుభూమిని నలువది ప్లాట్లుగా విభజించి ప్లాటునకొక బోరు వేయదలచిన వ్యాపారి పెంచలయ్యకు అనుమతి రావలెనన్న నీరు చాలునని ఆమె వ్రాసియీయవలెను. చాలని నేలలో బోర్లు పడినచో మొదట నెండునది గట్టునంటియున్న సుంకులమ్మ బావియే గనుక పరీక్షయు దానియందే. ఆ బావి లేనిదే యా ముదుసలికి మల్లెతోట లేదు. తోట లేనిదే కూడు లేదు.

బావిని చూచి హైమావతి నిలిచిపోయెను. ఆహా, ఏమి సింగారము! ఒరకు సున్నము వేసి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి మామిడాకుల తోరణము గట్టియుండిరి. టేపు దింపి కొలువగా పండ్రెండడుగుల దిగువనే నిర్మలనీలజలము ఆకాశమును తనలో నిదురపుచ్చుచుండెను. ఆ నీటివంక చూచుచుండ నామెకు కనురెప్పలు బరువెక్కి ఏ నాటిదో యైన చల్లదనము పాదములనుండి ప్రాకివచ్చినట్లుండెను. వెంటవచ్చిన పెంచలయ్య మొగము విప్పారెను.

"ఎట్లుండాది అమ్మణ్ణీ మా బావి? ఈ సుట్టుపక్కల ఇట్లాంటిది ఇంకోటి సూపించు సూద్దాం!" అని సుంకులమ్మ కొంగు సవరించుకొనుచు మురిసిపోయెను.

హైమావతి కలము తీసెను గాని చూపు తోటవైపు మరలెను. నిండుబావి చెంతనే మల్లెమొక్కలు తలలు వాల్చియుండెను. కాలువలు నెఱ్ఱెలు వాసియుండెను.

"అవ్వా, తోటకు నీళ్లు పెట్టి ఎన్నాళ్లయింది?"

"మూడు దినాలాయ. సూసేవాళ్లొస్తాండారంటే బావిని ముట్టుకోము మేము. పెండ్లిచూపులనాడు పిల్లను ఎండలో పనికి తోల్తారా ఎవరైనా? మా అత్త కాలంనుంచీ ఇదే వాడుక."

హైమావతి కలము మూసెను. అయ్యో వెఱ్ఱితల్లి! తన బావి పరువు నిలుపబోయి తోటను మాడ్చుకొన్నది చాలక బావికే ముప్పు తెచ్చుకొనుచున్నదిగదా!

"మోటారు వేయండి," అని యామె పలికెను.

"కొలిస్తిరి గదమ్మా, నిండుగా ఉండాది. ఇంకా ఎందుకు?" అని పెంచలయ్య గొణిగెను.

"నిలిచిన నీరు కాదు పెంచలయ్యగారూ, ఊరే నీరు చూడాలి నేను."

మోటారు మ్రోగెను. తోట గటగట త్రాగెను. నీరు పదియడుగులు దిగిన పిమ్మట దానిని ఆపించి హైమావతి కానుగచెట్టునీడను కూర్చుండి రెండు గంటలు కనిపెట్టియుండెను. ఎండలో కొండలు గాలియందు తేలుచున్నట్లు కనుపట్టెను. కునుకు ముంచుకొనివచ్చుచున్నను టేపు వదలక మరల కొలువగా నీరు జానెడు మాత్రమే పెరిగియుండెను. నలువది బోర్లకు ఈ నేల తాళదని యామె వ్రాసెను. పెంచలయ్య బండియెక్కి దుమ్ము లేపుకొనుచు వెడలిపోయెను.

సుంకులమ్మ కన్నులు చెమర్చెను. "నా బావికి వంక పెడితివా తల్లీ? ఊర్లో తలెత్తుకోకుండా చేస్తివే!"

హైమావతి ఆమె చేయి పట్టుకొనెను. "వంక కాదవ్వా. నిండుగా ఉందని రాసివుంటే నలభై బోర్లు పడేవి. రెండు ఎండాకాలాల్లో నీ బావి అడుగు కనిపించేది. ఇప్పుడు అవి పడవు."

ముదుసలి తోటవైపు తిరిగెను. తడిసిన మొదళ్లపై ఒక్కొక్క మల్లెకొమ్మ తలయెత్తుచుండుట చూచెను. పిమ్మట మెల్లగా లేచి వాడిన తోరణమును విప్పి ఒరపై చేయి వేసి బిడ్డ తల నిమిరినట్లు నిమిరెను.

"పోనీలే. వాళ్లకు పిల్ల నచ్చకపోతే ఏమాయ, నా ఇంట్లోనే ఉంటది."

దిగువన కొత్తగా ఊరిన జానెడు నీటిలో ఆకాశము మరల వచ్చి ఒదిగెను.