పెద్ద పంపు

అంబదాస్ ఫోన్ చేసేసరికి స్తుతి స్టూలెక్కి, షెడ్డు బోర్డు మీద 'ఇంజన్' అన్న మాటలో సున్నా దిద్దుతోంది. ఫిలిప్ చేతులు గ్రీజుతో నల్లగా ఉన్నాయి. అందుకని ఆమే ఫోనెత్తి స్పీకరు పెట్టింది.

"వహినీ, భావు ఉన్నడా? మన జీపుకు పని దొరికింది. మిషన్ దవాఖానోళ్లు తీస్కున్నరు. వానకాలమంతా గూడేల నుంచి పేషంట్లను తెచ్చుడు మన పనే."

అంబదాస్ ఆసిఫాబాద్‌లో పుట్టి పెరిగినవాడు, అక్కడే జీపు నడుపుతాడు. మాట మధ్యలో మరాఠీ దొర్లుతుంది. వదినను వహిని అంటాడు, ఫిలిప్‌ను అన్నా అనడానికి భావు అంటాడు. ఆ పిలుపు విన్నప్పుడల్లా స్తుతికి నవ్వొస్తుంది. ఈ వేసవిలోనే పెళ్లయింది. వదినా అనో వహినీ అనో ఎవరైనా పిలవడం ఆమెకింకా కొత్త.

ఆమె స్టూలు దిగి, ఫిలిప్ చొక్కాకు రంగు అంటుతుందని తెలిసీ అతని భుజం పట్టుకుని ఊపింది. ఫిలిప్ నవ్వుతున్నాడు.

ఆ జీపు వాళ్ల మొదటి పని. కరీంనగర్‌లో ఇన్నేళ్లూ ఒకరి కింద పనిచేసిన ఫిలిప్, పెళ్లికి ముందే చొప్పదండి రోడ్డు మీద సొంత షెడ్డు వేసుకున్నాడు. అంబదాస్ పాత జీపులో వేరే బండి డీజిల్ ఇంజన్ దించి, దానికి టర్బో బిగించి ఇచ్చాడు. ఈ వానలకు ఆ జీపు కొండల మీది ఘాట్లు ఎక్కి దిగితే ఆసిఫాబాద్ వైపు జీపులన్నీ ఈ షెడ్డు ముందే ఆగుతాయి. ఎక్కకపోతే ఫిలిప్ మళ్లీ ఇంకొకరి షెడ్డుకు వెళ్లాల్సిందే. ఇది ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక్కటే ఇబ్బంది. ఇంజన్ వేడెక్కాక బండి నిలబెడితే ఆయిల్ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఇంజన్‌లో ఆయిల్ తిప్పే పాత పంపు టర్బోకు సరిపోవడం లేదు. ఫిలిప్ రెండు కొత్త పంపులు తెప్పించి బల్ల మీద పెట్టాడు. ఒకటి పాతదాని సైజుదే, కాకపోతే లోపలి స్ప్రింగు గట్టిది. రెండోది పెద్దది, దాని పళ్లచక్రాలు పొడుగు.

"పెద్దదే వెయ్యి బావా. గంత ఇంజన్‌కు గీ చిన్నది ఏం ఆనుతది?" అంది స్తుతి. ఆమె బీయస్సీ చదివింది. షెడ్డులో ప్రతి వస్తువు పేరూ నేర్చుకోవడం ఆమెకు కొత్త సరదా.

"నీకు రెండు చూపెడితే పెద్దదే కావాలె. ఉంగరం కాడ గూడ గంతే."

"ఉంగరం చిన్నదే ఇచ్చినవ్ గదా, ఇంక మాట్లాడకు."

ఫిలిప్ పెద్ద పంపును చేతిలోకి తీసుకుని తిప్పాడు. "ఇది ఆయిల్ ఎక్కువ గుంజుతది. ఇంజన్ కింద ఆయిల్ నిలిచే చాంబరు నిండుగ ఉంటే మంచిదే. లేకుంటే పైకి గుంజి గుంజి, ఆఖరికి గాలి గుంజుతది. అంబదాస్ గాడు రాళ్లకు తగుల్తుందని చాంబరు అడుగు కోయిపిచ్చి వెల్డింగ్ పెట్టిచ్చిండట. ఎంత కోసిండో కండ్లతోని చూడాలె."

మర్నాడు అతను ఆసిఫాబాద్ వెళ్లాడు. అక్కడ జీపు చూసుకుని, కాగజ్‌నగర్‌లో రైలెక్కి చంద్రాపూర్ వెళ్లి ఇంకో ఇంజన్ బేరం చూడాలి. పంపు బిగించడానికి ఆసిఫాబాద్‌లో వెంకటి అనే మెకానిక్ ఉన్నాడు. "చాంబరు చూసి ఫోన్ చేస్త. ఏది చెప్తే గది బస్సుల వెయ్యి," అని స్తుతికి చెప్పి వెళ్లాడు.

రోజంతా ఆమె ఫోను కొంగులోనే పెట్టుకుని తిరిగింది. తనకు అప్పజెప్పిన మొదటి పని. ఫోను వచ్చేసరికి అవతల రైలు చప్పుడు, మనుషుల గోల.

"స్తుతీ, ఇనవడుతుందా? చూసిన. పెద్ద పంపు..."

అంతే. లైను తెగిపోయింది. తిరిగి చేస్తే అందుబాటులో లేదన్నారు. రైలు అడవిలోకి వెళ్లిపోయి ఉంటుంది.

స్తుతికి అనుమానం రాలేదు. తను ముందే చెప్పింది కదా, పెద్దదే అని. 'సరే బావా, పంపు పంపుతున్న' అని మెసేజీ పెట్టి, పక్కన ఎర్ర గుండె బొమ్మ కూడా పెట్టింది. పెద్ద పంపును పాత చీర ముక్కలో చుట్టి, పెళ్లి మిఠాయిలొచ్చిన అట్టపెట్టెలో సర్ది, జాగ్రత్త అనడానికి పైన 'పైలం' అని లావుగా రాసింది. మామ ఏలియా స్కూటరు మీద బస్టాండుకు తీసుకెళ్లాడు. పెట్టెను ఆసిఫాబాద్ బస్సులో వేసి, తిరిగొచ్చే దారిలో ఇద్దరూ చెరకురసం తాగారు.

ఫిలిప్ చంద్రాపూర్ నుంచి తిరిగొచ్చిన సాయంత్రం అన్నం తింటూ, "పంపినవా?" అని అడిగాడు.

"గా దినమే పంపిన."

"మెసేజి చూసిన. బొమ్మ గూడ చూసిన," అన్నాడు మెల్లగా, తండ్రి వినకుండా. వంకాయ కూర రెండోసారి వడ్డించుకున్నాడు. బయట వాన పడుతోంది. స్తుతికి ఆ వాన బాగుందనిపించింది.

పొద్దున షెడ్డు తీసి, ఫిలిప్ బల్ల మీది గుడ్డ తొలగించాడు. టీ గ్లాసులతో వచ్చిన స్తుతికి అతని వీపే కనిపించింది.

"గిదేంది గిక్కడ ఉంది?"

గుడ్డ కింద చిన్న పంపు ఉంది.

"పెద్దదే పంపిన గదా. పెద్ద పంపు అన్నవ్."

"పెద్ద పంపు పంపకు అన్న," అన్నాడు ఫిలిప్.

స్తుతి టీ గ్లాసులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడింది. అతను అన్నది మొత్తం ఒక్క మాట. ఆ మాట చివరి ముక్క రైలుతో పాటు అడవిలోకి పోయింది. తన చెవిలో మిగిలింది సగమే.

"చాంబరు సగం గూడ మిగల్లే స్తుతీ. మూకుడంత ఉంది. ఘాటు ఎక్కుతుంటే ఆయిలంత పైకి పోతది, కిందికి దిగేటాలకు అడుగు ఎండిపోతది. బేరింగులు పట్టేస్తయ్."

అంబదాస్ ఫోను కలవలేదు. వెంకటి మొదటి రింగుకే ఎత్తాడు. గొంతులో హుషారు.

"అన్నా, నీ పంపు మస్తుంది. నిన్ననే బిగిచ్చిన. లైటు ఎలుగుడే బంద్, ప్రెషర్ ముల్లు నిటారుగ నిలబడ్డది. అంబదాస్ పొద్దుగాల్నే గూడెం పోయిండు. ఎవరికో కాన్పు నొప్పులట."

"వెంకటీ, జర నా మాట ఇను. నీ బైకు మీద ఎంబడి పో. ఆ జీపు ఘాటెక్కద్దు. పంపు తప్పు వడ్డదని చెప్పు, ఎక్కడున్నా ఆపెయ్యమను. వేరే బండి పిలిపియ్యి."

"మంచిగనే నడుస్తుంది గదనే..."

"మంచిగ కనవడుతది. పో తమ్మీ."

ఇక చేయడానికేమీ లేదు. ఫిలిప్ ఒక నట్టు విప్పి, మళ్లీ అదే బిగించాడు. స్తుతి ఇంటికీ షెడ్డుకూ మధ్య తిరిగింది. ఏలియా సంగతి విని బైబిలు తెరిచాడు గాని పేజీ తిప్పలేదు. ఆమెకు పదే పదే చెరకురసం గుర్తొచ్చింది. అల్లం కొంచెం ఎక్కువ వేయమని అడిగింది. పెట్టె అప్పటికి బస్సెక్కింది.

అంబదాస్ ఫోను మధ్యాహ్నం దాటాక వచ్చింది. ఈసారి ఆమె ఎత్తలేదు. ఫిలిప్ స్పీకరు పెట్టాడు.

"భావూ, ఇంజన్ పట్టేసింది. ఘాటు సగంల. పేషంటు ఎన్కనే ఉన్నది. భీంబాయి అని, చిన్న పిల్ల, తొల్చూరు కాన్పు. ఆ వానల మంచం మీద మోస్కొని దించినం. కింద ఇంకో బండి దొరికేసరికి మస్తు ఆల్సమైంది."

"ఆమెకేమాయె?"

"తల్లి బతికింది. బిడ్డ చచ్చి పుట్టింది." అంబదాస్ ఊపిరి వినిపించింది. "డాక్టరమ్మ ఏమో, ముందుగాల తెచ్చినా చెప్పలేం అన్నది. గూడెపోళ్లు ఇంటరా. ఆమెను మోస్తుంటె నడుమల వెంకటి గాడు బైకేస్కొని వచ్చిండు, పంపు తప్పు వడ్డది, బండి ఆపుండ్రి అని మొత్తుకుంట. బిగిచ్చింది వాడేనాయె. తప్పు బిగిచ్చినట్టు ఎర్కుండి గూడ బండి పంపిండని అందరు మీద వడ్డరు. నేను గూడ రెండు గుద్దిన. చెయ్యి ఇరిగినట్టుంది వానిది."

"అంబదాస్, వెంకటిది కాదు..."

"మళ్ల చేస్త భావూ, దవాఖానల పిలుస్తున్నరు." ఫోను పెట్టేశాడు. ఫిలిప్ వెంటనే తిరిగి చేశాడు. ఎత్తలేదు.

ఫిలిప్ నేల మీద కూర్చున్నాడు. "ఏది పంపినవ్ అని ఒక్క మాట అడగకపోతి. వంకాయకూర తిన్న."

స్తుతి అతని పక్కన కూర్చుంది. ఏడుపు రావడం లేదు. ఆ పిల్ల తన వయసుదేమో. తనకన్నా చిన్నదేమో. మంచం మీద పడుకుని, ముఖం మీద వాన పడుతుంటే, మోసేవాళ్ల అడుగులు జారుతుంటే, ఏమనుకుని ఉంటుంది?

ఏలియా గుమ్మంలో నిలబడి అన్నీ విన్నాడు. మంచి మనిషి. సంఘంలో పెద్ద. కొడుకు షెడ్డు వేస్తానంటే తన పొలం చెక్క ఒకటి అమ్మి ఇచ్చాడు.

"ఇప్పుడు మీరు పోయి ఏం చేస్తరు?" అన్నాడు నెమ్మదిగా. "మీ పేరు ఎవ్వరు ఎత్తలే. కోపం మీదున్నరు జనం. జర చల్లవడనియ్యుండ్రి. ఆ పోరనికి దవాఖాన ఖర్చు మనమే పంపుదాం, మందికి తెల్వకుంట."

"బాపూ, మన మీద కోపం రావాల్నాయె. వాని మీదికి పోయింది," అన్నాడు ఫిలిప్.

"ఈ షెడ్డు నడ్వది బిడ్డా. ఒక్కసారి ఇసొంటి మాట వడ్డదంటే ఆసిఫాబాద్ల ఒక్క జీపోడు నీ దిక్కు చూడడు. నువ్వు ఒక్కనివే కాదు ఇప్పుడు. ఈ పిల్ల ఉన్నది."

ఆ మాట తన కోసం అన్నాడని స్తుతికి తెలుసు. పెళ్లి రోజు తలుపు దగ్గర చెప్పులు విడవబోతుంటే, బురదలో కాలు పడకుండా గోనెసంచి పరిచింది ఈ మామే.

"మామా," అంది, "వెంకటి ఆ ఊర్లెనే షెడ్డు పెట్టుకొని బతకాలె. రేపటి సంది వాని తాన బండి ఎవరు ఆపుతరు?"

ఏలియా చేతిలో ఉన్న బైబిలు మూశాడు.

ఫిలిప్ తలెత్తి ఆమెను చూశాడు. "నేను పోత. నువ్వెందుకు? నువ్వు ఇన్నది గంతే గదా. లైను తెగింది."

"తెగిందని నాకెర్క. మళ్ల అడిగితే అయిపోవు. నాకు పెద్దదే కావాల్నని ఉండె, గందుకే అడగలే." ఆమె లేచి నిలబడింది. "నేను గూడ వస్త."

ఏలియా లోపలికి వెళ్లాడు. పెట్టెలో గొడుగు వెతుకుతున్న చప్పుడు వినిపించింది.

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు పోదాం బావా," అంది స్తుతి. "ఫస్టు వెంకటి ఇంటికి. వాని చెయ్యి చూపిచ్చి కట్టిపిద్దాం. ఎన్కసీరి అంబదాస్‌ను తీస్కొని, నలుగురం కలిసి గూడెం పోదాం. భీంబాయి ఇంటోళ్ల ముంగట, మంది అంత ఉన్నప్పుడే, పంపు పంపింది నేను అని నేనే చెప్త. వాళ్లు ఏమంటే అది పడదాం."