గుండెల మీద బిళ్ళల దండ

పలుకుబడి ఉన్నవాడు ఎదురైతే చాలు, థాయిలాండులోని పిచిత్‌లో మా ఆసుపత్రి డైరెక్టరు విసిత్ గారి నడుము దానంతటదే వంగిపోతుంది. ఆ రోజు కమ్నాన్ బున్లర్త్ పెద్దపేగు పరీక్షకు వచ్చాడు. కమ్నాన్ అంటే చుట్టుపక్కల ఊళ్ళన్నిటి మీదా పెత్తనం, దానికి తగిన పొట్ట, మెడలో రక్షగా గుప్పెడు బుద్ధుడి బిళ్ళలు. మత్తు ఇవ్వాల్సిన డాక్టర్ని నేను.

"దండ తీసి ఎడమ పక్కకు తిరిగి పడుకోండి," అన్నాను.

"తీసేదే లేదు! పక్కకు తిరిగితే బిళ్ళలు ఒంటి కింద నలుగుతాయి. ఆ పాపం నువ్వు మోస్తావా?" అన్నాడు కమ్నాన్.

విసిత్ పళ్ళికిలించాడు. "అయ్యగారు రాజాలా వెల్లకిలా పడుకుంటారు. నీకెందుకమ్మా ఓరతై, ఈ చాదస్తం?"

"మత్తులో నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది సార్. వాంతయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిరగందే సూది వెయ్యను."

చివరికి దండను తలగడ మీదికి సర్ది, ఎడమ పక్కకే పడుకోబెట్టాను. మత్తెక్కింది. విసిత్ తోస్తున్న గొట్టం సగం దూరం వెళ్ళిందో లేదో, దండ జారి కమ్నాన్ చంక కిందికి చేరింది. పేగు లోపల ఏముందో చూడాల్సిన మనిషి ఆ బిళ్ళల్ని చూశాడు! నేను వద్దని అరుస్తున్నా నర్సుల చేత ఆ భారీకాయాన్ని వెల్లకిలా తిప్పించి, బిళ్ళల్ని గుండెల మీద వరసగా పేర్చాడు.

గురక మొదలైంది. కాసేపటికి అదీ ఆగిపోయింది. పొట్ట ఎగురుతోంది గానీ గాలి లోపలికి పోవడం లేదు. పెదాలు నీలం తిరిగాయి, మానిటరు కూత పెట్టింది. అప్పుడు మా డైరెక్టరు ఏం చేస్తున్నాడు? కళ్ళు మూసుకుని బిళ్ళలకు దణ్ణం పెడుతున్నాడు. ఛీ! వాణ్ణి మోచేత్తో నెట్టేసి, దవడ ఎత్తిపట్టి, కమ్నాన్‌ను మళ్ళీ ఎడమ పక్కకు దొర్లించాను. నోట్లోంచి పచ్చటి నీళ్ళు దండ మీదుగా దుప్పటి మీదికి కారాయి. మెల్లగా ఊపిరి అందింది.

కమ్నాన్ లేవగానే విసిత్ అందుకున్నాడు. "ఊపిరి ఆగిపోయిందండీ! మీ బిళ్ళలే కాపాడాయి."

కమ్నాన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని ఒక బిళ్ళ ఊడదీసి అతని చేతిలో పెట్టాడు. దండ మీద వాంతి పడనిచ్చినందుకు నాకు తిట్లు.

మర్నాడు ఆ బిళ్ళ పరీక్ష మంచం తలవైపు గోడకు వేలాడుతోంది. ఒక పంతులమ్మ భయంభయంగా మంచమెక్కింది.

"వెల్లకిలా పడుకోమ్మా, ఏం కాదు. పైన ఆయనున్నాడుగా!" అన్నాడు విసిత్.

నేను సూదికి మూత పెట్టి జేబులో వేసుకున్నాను.

"అయితే మత్తు కూడా ఆయన్నే ఇమ్మనండి సార్," అన్నాను.