నిమిషానికి ఇరవై

నేను ఒక నర్సమ్మ యూనిఫాం మీద, సరిగ్గా గుండె పక్కన, తలకిందులుగా వేలాడే గడియారాన్ని. అందుకే ఆ మంచి కబురు వచ్చిన సంగతి వార్డులో అందరికంటే ముందు నాకే తెలిసింది. మధ్యాహ్నం రెండుంపావు. షారోను డ్యూటీ ఎక్కి పదిహేను నిమిషాలైంది. జేబులో ఫోను ఒకసారి వణికింది. తీసి చూసింది. అంతే, నా వెనకవైపు ఆమె గుండె దబదబా కొట్టుకోవడం మొదలుపెట్టింది. నిమిషానికి నూటపన్నెండు. నేను లెక్కపెట్టాను, నాకు వేరే పనేముంది కనుక.

"ఏందే షారోనూ, ఆ నవ్వు? మొగుడా?" అంది పక్కన సిరంజిలు సర్దుతున్న నసీమా. వార్డులో ఆవిడే సీనియరు.

"కాదక్కా. సీటు. పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగు. గుంటూరు కాలేజీలో. మొదటి లిస్టులోనే వచ్చింది."

"మరి మొగుడు ఫోన్ చేసినట్టు నవ్వుతున్నావేంది?"

"నా దగ్గర రెండు రకాల నవ్వులు లేవక్కా. ఉన్నది ఒక్కటే, అన్నిటికీ అదే వాడుతున్నా."

అది నిజమే. పెళ్ళయి ఇరవై రెండు రోజులైంది. తిమోతి పొద్దున్నే లేచి క్యారేజీలో పెరుగన్నం కట్టి, దాని మీద దానిమ్మ గింజలు చల్లి ఇస్తే షారోను ఆ మూత తీసి ఐదు నిమిషాలు చూస్తూ కూర్చుంటుంది, తినకుండా. అతన్ని మీరు అనాలో, నువ్వు అనాలో ఇంకా తేలలేదు. ఒకే వాక్యంలో రెండూ అనేస్తుంది. బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసే అతనికి అది కూడా ముద్దుగానే ఉన్నట్టుంది, సరిదిద్దడు.

నా పుట్టుక గురించి చెప్పుకోవాలంటే, నన్ను తయారుచేసినవాళ్ళు కావాలనే తప్పుగా తయారుచేశారు. లోకంలోని గడియారాలన్నిటికీ పన్నెండు పైన ఉంటే నాకు కింద ఉంటుంది. నర్సు తల వంచి చూసినప్పుడు తనకి సూటిగా కనబడాలని. ఎదురుగా ఉన్నవాళ్ళకి నేను అర్థం కాను. మంచం మీద రోగులు టైమెంతయిందో తెలుసుకోవాలని మెడలు వంకర్లు తిప్పి, చివరికి ఓడిపోయి, "ఎంతయిందమ్మా?" అని అడుగుతారు. నర్సుల చేతికి గడియారం ఉండకూడదు, దాని పట్టీలో మురికి చేరి ఒక రోగి నుంచి ఇంకో రోగికి పోతుంది. అందుకని నన్ను బట్టలకి తగిలించారు. నా ముఖంలో అందమైనదంటే ఎర్రటి సెకన్ల ముల్లు ఒక్కటే.

నన్ను మొదట కొన్నది హేమలత అనే విద్యార్థిని. వాళ్ళ నాన్న నర్సింగు స్కూలు ఎదుట కొట్లో ఎంతో గర్వంగా కొని పెట్టాడు. ఆమె మూడో వారంలోనే డ్రెస్సింగు విప్పిన పుండు చూసి కళ్ళు తిరిగి పడిపోయి, లేచి, మంచినీళ్ళు తాగి, ఇంటికెళ్ళి చీరల కొట్టు పెట్టుకుంది. ఆ మూడు వారాలూ ఆమె నన్ను చూసి లెక్కపెట్టింది గంట ఎప్పుడు కొడతారా అని మాత్రమే. వెళ్తూ వెళ్తూ నన్ను తన గదిలో ఉండే దయామణికి ఇచ్చిపోయింది.

దయామణి దగ్గర ముప్పై ఏళ్ళున్నాను. చీరాలలో ఈ ఆసుపత్రి కట్టినప్పటి నుంచీ ఆవిడ ఇక్కడే. నలభై ఒకటో ఏట, ఉద్యోగంలో ఉన్న నర్సులు రెండేళ్ళు చదివే ఆ బీఎస్సీలోనే చేరింది. నేనూ వెళ్ళాను. తన చెల్లెలి కూతురి వయసు పిల్లల మధ్య రెండో బెంచీలో కూర్చుని, వేలు నోట్లో పెట్టుకుని వినేది. ఆపరేషన్ అయినవాళ్ళని ఎందుకు లేపి కూర్చోబెట్టాలో, గట్టిగా ఊపిరి ఎందుకు తీయించాలో అక్కడ చెప్పారు. ఇరవై ఏళ్ళుగా ఆవిడ చేస్తున్న పనే అది. ఎందుకు చేస్తున్నానో ఇప్పుడు తెలిసింది అని ఆ సాయంత్రం హాస్టల్లో ఏడ్చింది. సంతోషంతోనే. మనుషులు సంతోషానికి కళ్ళనీళ్ళు పెట్టుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు.

ఆవిడ నర్సింగ్ సూపరింటెండెంట్ అయ్యాక గది, బల్ల, గోడ గడియారం వచ్చాయి. షారోను పెళ్ళికి చర్చిలో అందరూ డిన్నరు సెట్లు ఇస్తుంటే ఆవిడ నన్ను చిన్న డబ్బాలో పెట్టి ఇచ్చింది. పెళ్ళికి పాత గడియారం ఇస్తారా అని తిమోతి వాళ్ళమ్మ రెండు రోజులు ఆశ్చర్యపోయింది. షారోను మాత్రం హనీమూనుకి కూడా నన్ను తీసుకెళ్ళింది. సూర్యలంక సముద్రం దగ్గర తిమోతి నిద్రపోతుంటే నన్ను చూస్తూ అతని ఊపిరి లెక్కపెట్టింది. పదిహేను.

ఆ ఊపిరి లెక్క సంగతి కొంచెం చెప్పాలి. తన ఊపిరి ఎవరో లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి మామూలుగా పీల్చలేడు. అందుకని నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, నాడి లెక్క అయిపోయినా చెయ్యి వదలకుండా, ఒక కన్ను నా మీద, ఒక కన్ను రోగి ఛాతీ మీద పెట్టి నిండా ఒక నిమిషం నిలబడాలి. వైద్యంలో ఇంత ముద్దైన మోసం మరొకటి లేదు. జ్వరానికి థర్మామీటరుంది, బీపీకి మిషనుంది. ఈ వార్డులో ఊపిరికి మాత్రం నేనూ, నర్సు ఓపికా, అంతే. అసలు చిక్కు అక్కడే. ముప్పై మంచాలకి ముప్పై నిమిషాలు ఎక్కడి నుంచి వస్తాయి? అందుకని ఆ గడిలో అందరూ ఇరవై అని రాసేస్తారు. ముసలివాళ్ళకీ ఇరవై, పడుచువాళ్ళకీ ఇరవై. షారోను ఒక్కతే లెక్కపెట్టేది. రోగిని మంచం నంబరుతో పిలవదు. "నా పేరు షారోను, ఈ సాయంత్రం మీ నర్సుని నేనే" అని చెప్పి మరీ ముట్టుకుంటుంది. డ్యూటీలో ఫోను లాకర్లో పెడుతుంది. "నువ్వు కాలేజీకెళ్ళి నేర్చుకునేదేముందే, వాళ్ళకే నేర్పేట్టున్నావు" అని నసీమా ఎగతాళి చేసేది.

"నేను చేసేది చేతికి తెలుసక్కా, నాకు తెలియదు. డాక్టరు ఎందుకని అడిగితే మా మేడమ్ చెప్పారు అంటున్నా. ఎన్నాళ్ళు అట్టా?" అనేది షారోను.

ఆసుపత్రి ఏడాదికి ఒక్క నర్సుకే రెండేళ్ళ చదువు సెలవు ఇస్తుంది. ఆ ఏడాది ఫైల్లో మందలింపు ఉన్నవాళ్ళకి ఇవ్వడం మామూలుగా జరగదు. సెలవు దొరికితే చదువుకుని మళ్ళీ ఈ వార్డుకే వస్తుంది. దొరక్కపోతే ఉద్యోగమో, సీటో ఒకటి వదులుకోవాలి. కాలేజీలో చేరడానికి గడువు ఎల్లుండే. సెలవు మీద సంతకం పెట్టాల్సిన దయామణి గారు సాయంత్రం ఐదుకి వెళ్ళిపోతారు. షారోను దరఖాస్తు ముందే రాసుకుని, ఒక్క తేదీ మాత్రం ఖాళీ ఉంచి, సంచిలో పెట్టుకు తిరుగుతోంది. ఆ రోజు ఫలితం వస్తుందనే ఫోను లాకర్లో పెట్టలేదు.

రెండున్నరకి రౌండు మొదలైంది. ఆ రౌండు చూడాల్సిందే. షారోను నడవలేదు, తేలింది. జేబులో తిమోతి సందేశాలు వరసగా వణుకుతున్నాయి. ఆరో మంచం నాగభూషణం గారు నేత మగ్గం మీద నలభై ఏళ్ళు పనిచేసిన మనిషి, హెర్నియా ఆపరేషనై రెండో రోజు. ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి లెక్కపెట్టింది. ఇక ఊపిరి చూడాలి అనుకుంటుండగా జేబు మళ్ళీ వణికింది. నవ్వు వచ్చింది. చెయ్యి వదిలేసింది. కలం తనంతట తనే ఇరవై అని రాసింది. నా ఎర్ర ముల్లు ఒంటరిగా ఒక చుట్టు తిరిగింది. ఎవరూ చూడలేదు.

మూడున్నరకి ఆయనే పిలిచాడు. "సిస్టరమ్మా, కాస్త దిండు ఎత్తు పెట్టవా. పడుకుంటే ఏందో ఆయాసంగా ఉండాది."

"ఎప్పటి నుంచి అట్టా ఉంది నాగభూషణం గారూ?"

"అన్నం తిన్నకాడి నుంచీ అమ్మా. నువ్వు వచ్చి చూసిపోయావు గదా, నీకు తెలిసే ఉంటదిలే అనుకున్నా."

షారోను చెయ్యి పట్టుకుంది. నన్ను చూసింది. నిండా ఒక నిమిషం. ఇరవై ఎనిమిది. దిండు ఎత్తు పెట్టి డాక్టరుకి కబురు పెట్టింది. డాక్టరు వచ్చాడు, ఛాతీకి గొట్టం ఆనించి విన్నాడు, ఎక్స్‌రే తీయించాడు. కుడివైపు ఊపిరితిత్తిలో అడుగున నిమ్ము మొదలైంది. తొందరగానే పట్టుకున్నాం, ఫరవాలేదు అన్నాడు. మందు ఎక్కించారు, ఆక్సిజన్ పెట్టారు. నాగభూషణం గారు ముక్కు గొట్టంతోనే, "రేపటి నుంచి ఇడ్లీ పెడతారా?" అని అడిగాడు. అందరూ తేలికపడ్డారు, షారోను తప్ప.

మందుల గదిలో ఆమె చార్టు పట్టుకుని నిలబడింది. "అక్కా, నేను రెండున్నరకి లెక్కపెట్టలేదు. అప్పటికే ఆయాసం ఉందంట."

నసీమా తలుపు దగ్గరగా వేసింది. "గంటలో ఇరవై నుంచి ఇరవై ఎనిమిదికి పెరిగింది. చార్టు చూసినవాళ్ళకి అంతే కనపడుద్ది. నీ కాగితం మీద ఇవాళ సంతకం కావాలి. నోరు మూసుకుని ఉండు."

"డాక్టరు కూడా గంటలోనే వచ్చిందనుకుంటున్నాడు కదక్కా."

"మనిషి బాగానే ఉన్నాడు గదే. నేను రాయలేదా ఇరవై? అందరం రాయలా?"

నిజం చెప్పాలంటే నాక్కూడా నసీమా మాటే బాగుందనిపించింది. నాకు షారోను అంటే ఇష్టం, మళ్ళీ కాలేజీకి వెళ్ళాలనీ ఉంది. ఆమె చాలాసేపు నిలబడింది. నాలుగు నిమిషాల పది సెకన్లు.

తర్వాత చార్టు తెరిచి, ఆ ఇరవై మీద ఒక్క గీత గీసింది. ఒకటే గీత గీయాలి. కొట్టేసిన అంకె కింద చదవడానికి కనబడాలి, తెల్లరంగు పూయకూడదు. ఇది వాళ్ళ పద్ధతి, మనుషుల పద్ధతుల్లో నాకు బాగా నచ్చినది. పక్కన 'లెక్కపెట్టలేదు' అని రాసి, టైమేసి, సంతకం పెట్టింది. డాక్టరుకి ఫోను చేసి ఆయాసం మధ్యాహ్నం నుంచే ఉందని చెప్పింది. ఆపైన జరిగిన పొరపాటు రాసే ఫారం తీసి, డ్యూటీలో ఫోను దగ్గర పెట్టుకోవడంతో సహా అంతా రాసింది. నాలుగూ నలభైకి రెండు కాగితాలూ పట్టుకుని దయామణి గారి గదికి వెళ్ళింది. పొరపాటు కాగితం పైన పెట్టింది, సెలవు కాగితం కింద.

దయామణి గారు రెండూ చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఈ పైది లేకపోతే కిందదాని మీద ఇప్పుడే సంతకం పెట్టేదాన్ని. తెలుసా?"

"తెలుసు మేడమ్."

"మరి రేపు ఇచ్చి ఉండొచ్చుగా ఇది."

"ఆయన, నువ్వు చూసిపోయావు గదా, నీకు తెలిసే ఉంటదిలే అనుకున్నా అన్నాడు మేడమ్. అది విన్నాక ఆ కాలేజీలో ఏ మొహం పెట్టుకుని కూర్చోవాలి?"

దయామణి గారు ఫోనెత్తి నసీమాని పిలిచి, వార్డులో వారం రోజుల చార్టులన్నీ తెమ్మన్నారు. నసీమా తెచ్చి, గోడ వైపు చూస్తూ నిలబడింది. పేజీ తర్వాత పేజీ తిరిగింది. షారోను రాసినవి తప్ప అన్నీ ఇరవై, ఇరవై, ఇరవై.

"ముప్పై మంది ఒకే తాళంలో పీలుస్తున్నారు నసీమా. బ్యాండు మేళం పెట్టావా ఏంది?"

నసీమా మెల్లిగా అంది. "ముప్పై మంచాలకి ఇద్దరమే మేడమ్. నిమిషం నిమిషం అంటే అవదు. అవదని మీ దగ్గరికొచ్చి చెప్పాల్సింది. చెప్పకుండా ఇరవై రాశాం."

"నా దాకా ఎవరూ రాలేదు. నేనూ ఈ మూడేళ్ళలో వార్డులోకొచ్చి ఒక్కసారి పక్కన నిలబడి లెక్క చూడలా." ఆవిడ కళ్ళజోడు పెట్టుకున్నారు. "షారోనూ, నీకు మెమో ఇస్తున్నా. అది ఫైల్లోనే ఉంటుంది, తీసెయ్యమని అడగబాక."

"అడగను మేడమ్."

షారోను గుండె నా వెనక చాలా నెమ్మదిగా కొట్టుకుంటోంది. పోయిందనుకుంది. నేనూ అనుకున్నాను. దయామణి గారు మెమో రాసి, మడిచి, ఆమెకిచ్చారు. ఆపైన కింద కాగితం బయటికి లాగారు.

"మందలింపు ఉన్నవాళ్ళకి సెలవు ఇచ్చినందుకు పైవాళ్ళు నన్ను అడుగుతారు. తన తప్పు తనే రాసిచ్చిన నర్సు ఈ ఏడాది ఒక్కతే ఉంది, ఆ ఒక్కతినీ చదువుకి పంపించాను అని చెప్తా. అడగనియ్యి." సంతకం పెట్టేశారు. తేదీ కూడా ఆవిడే వేశారు. "ఊరికే కాదులే. పోయేలోపల ఒక పని చేసి పోవాలి."

బయటికొచ్చాక నసీమా ఆమె భుజం మీద ఒకటి వేసి, "పిచ్చిమొద్దు" అంది. అని తన కళ్ళు తనే తుడుచుకుంది.

ఆరు గంటలకి టీ విరామం. షారోను లాకరు గదిలో కూర్చుని తిమోతికి ఫోను చేసింది. అతను జరిగిందంతా విని, "మెమో కూడా ఫ్రేము కట్టిద్దామా పెళ్ళి ఫోటో పక్కన?" అన్నాడు. ఆ ఒక్క నవ్వు మళ్ళీ వచ్చింది. నేను ఆమె గుండె మీద పైకీ కిందికీ ఊగాను. నేను చూసిన మనుషుల్లో కొందరు తప్పులు చెయ్యరు, అంటే వాళ్ళ కాగితాల్లో ఉండవు. వాళ్ళ దగ్గర నాకు పెద్దగా పని ఉండదు. ఎవరో ఒకరు నన్ను చూసి నిండా నిమిషం నిలబడితే చాలు, నా బతుకు బాగున్నట్టే.

"నవ్వింది చాలుగానీ వినండి," అంది షారోను ఫోనులో. "రేపు పొద్దున ఏడున్నరకే నన్ను ఇక్కడ దించాలి నువ్వు. డ్యూటీ మారేముందు వార్డు నర్సులందరికీ ఊపిరి లెక్కపెట్టడం నేనే చూపించాలంట, దయామణి మేడమ్ కూడా వచ్చి కూర్చుంటారంట. ఇద్దరం చేసే పనికి ముగ్గురు ఎందుకు కావాలో కూడా అక్కడే లెక్క తేలుస్తారంట. అది అవగానే తొమ్మిదిన్నర బండికి గుంటూరు పోదాం. డిపోలో సెలవు చెప్పేసి రా. సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్సే తీసిపెట్టండి."