తండా ఆమోదించిన రాజీనామా

2011 వానాకాలం. గూడూరు మండలంలో ఒక తండా దగ్గర కొత్త కల్వర్టు ప్రారంభించడానికి ఎమ్మెల్యే వెంకట్రాం వచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఐదుసార్లు గెలిచాడు. ఓటమి ఎట్లా ఉంటుందో తెలియదు. కల్వర్టు మీద ఎడ్లబండ్లు అడ్డం పెట్టి తండావాళ్లు కూర్చున్నారు.

“తెలంగాణ కోసం రాజీనామా చేస్తెనే బండ్లు తీస్తం సారూ,” అన్నాడు తండా పెద్ద హీర్యా.

“చేసిన హీర్యా. హైదరాబాదుల ఇచ్చిన. స్పీకరు ఇంకా ఆమోదించలె.”

హీర్యా వెనక్కి తిరిగి తమవాళ్లతో తమ భాషలో మాట్లాడాడు. చర్చ పావుగంట సాగింది.

“ఓట్లేసింది మేము. ఆమోదించేది ఆయనెట్లయితడు? మాకియ్యి, మేం చేస్తం,” అన్నాడు హీర్యా ఇటు తిరిగి.

వెంకట్రాం జేబులోని జిరాక్సు కాపీ ఇచ్చాడు. దాని మీద యాభై నాలుగు వేలిముద్రలు, ఏడు సంతకాలు పడ్డాయి. గన్‌మ్యాన్ అబ్రహాం తాను ఉండాలా, పోవాలా అని స్టేషనుకు ఫోన్ చేశాడు. ఆలోచించి చెబుతామన్నారు.

బండ్లు తీశారు. కాని మాజీ ఎమ్మెల్యే రిబ్బన్ కత్తిరించకూడదన్నారు. దాన్ని అట్లాగే ఉంచి, అందరూ కిందనుంచి వంగి దాటారు. తండాలో వెంకట్రాంకు జొన్నరొట్టె పెట్టారు. ఒక్కరూ అర్జీ ఇవ్వలేదు. అంత నిమ్మళంగా తిండి తిని ఎన్నేళ్లయిందో అతనికి గుర్తు రాలేదు. ఇంకో రొట్టె అడిగి తిని, మంచం మీద నడుం వాల్చాడు.

రుక్కి అనే ఆమె వచ్చి లేపింది.

“సారూ, బస్సు కోసం డిపోకు చిట్టి రాసియ్యి. మా బిడ్డ సుమ బడికి ఎనిమిది కిలోమీటర్లు నడుస్తంది.”

“ఆయన ఎమ్మెల్యే గాదు,” అన్నాడు హీర్యా.

“పొద్దుగాల ఉండె గద?”

“పొద్దుగాల ఉండె. ఇప్పుడు లేడు.”

“మరి సంతకం ఎవలు పెట్టాలె?”

ఎవరికీ తెలియలేదు. అందుకని అక్కడికక్కడే ఉపఎన్నిక పెట్టారు. వెంకట్రాం నిలబడ్డాడు. రుక్కి కూడా నిలబడింది. ప్రచారానికి అతను పది నిమిషాలు అడిగి తీసుకున్నాడు. గెలిపిస్తే బస్సు తెస్తానన్నాడు.

“పోయినసారి గూడ గిదే చెప్పినవు సారూ,” అంది రుక్కి. ఆమె ప్రచారం అంతే.

చేతులెత్తారు. రుక్కికి నలభై తొమ్మిది, వెంకట్రాంకు పన్నెండు. అతని కోరిక మీద రెండుసార్లు లెక్కపెట్టారు. అక్కడ ఓటే లేని అబ్రహాం కూడా రుక్కికి చెయ్యెత్తబోయి దించుకున్నాడు.

వెంకట్రాం కాసేపు జీపులో ఒక్కడే కూర్చున్నాడు. తర్వాత తన లెటర్‌ప్యాడ్ తీసుకుని రుక్కి దగ్గరికే వచ్చాడు.

“రాయి సారూ. బస్సు పంపుండ్రి, లేకుంటే నేనే వస్త.”

“పంపగలరని ప్రార్థన, అని రాద్దామా?”

“ప్రార్థన ఎందుకు? గెలిచిన గద.”

ఆమె చెప్పినట్టే రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది.

నాలుగు రోజులకు డిపో మేనేజరు ఫోన్ చేశాడు. “ఈ రుక్కి ఎవరు సార్?”

“మా ఎమ్మెల్యే,” అన్నాడు వెంకట్రాం.

సోమవారం బస్సు వచ్చింది.

కొన్నాళ్లకు హైదరాబాదులో అతని రాజీనామాను తిరస్కరించారు. ఆ మాట చెప్పడానికి వెంకట్రాం తండాకు పోయాడు. రుక్కి మిరపనారు పీకుతూ విన్నది.

“అట్లయితే అసెంబ్లీకి నువ్వే పోయి రా సారూ. అక్కడ ఏం అడగాల్నో నేను చెప్త.”

వెంకట్రాం గట్టు మీద కూర్చుని పెన్ను తీశాడు.