మా ఆయన మాస్కు తీసిన రోజు

మా ఆయన హువోతూ ముఖాన్ని ఏడేళ్లుగా నేనూ డాక్టర్లూ తప్ప ఎవరూ చూడలేదు.

ఇరవయ్యో ఏట నుంచి కంకర లారీ తోలాడు. నిద్ర రాకుండా సున్నం రాసిన వక్క నమలడం ఆ పనిలో అందరికీ ఉన్నదే. మా ఊరు పింగ్‌తుంగ్‌లో అది ప్రతి రోడ్డు మీదా కొట్లలో దొరుకుతుంది. యాభై నాలుగేళ్లకి నోటి క్యాన్సర్ అన్నారు. కుడి దవడ సగం తీసేసి, తొడ కండ తెచ్చి బుగ్గ కట్టారు. తొడ చర్మానికి వెంట్రుకలుంటాయి కదా, అవి నోటి లోపల మొలిచేవి. ఆసుపత్రికి వెళ్లి కత్తిరించుకుని వచ్చేవాడు.

"బతికాడు, అది చాలదా?" అనేవాళ్లు చుట్టాలు. నేనూ అలాగే అనేదాన్ని.

ఆ బతుకేమిటంటే, మిక్సీలో వేసిన గంజి, పసిపిల్లల చెంచా, వెనక వంటగది, గడియ వేసిన తలుపు. పెదాలు కలవవు, చొంగ కారుతూనే ఉంటుంది, మెడలో ఎప్పుడూ తువ్వాలు. కరోనా వచ్చి ఊరంతా మాస్కులు కట్టినప్పుడు మాత్రం మా ఆయనకి పండగే. ఒక్కడే బజారుకి వెళ్లాడు. చేపలమ్మే ఆవిడ "నీ కళ్లు బాగుంటాయయ్యా" అందని ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పాడు. తర్వాత జనం మాస్కులు తీసేశారు. ఈయన మళ్లీ ఇంట్లో కూర్చున్నాడు.

మా కోడలు పక్క పట్నం కావ్‌షియుంగ్‌లో ఫ్యాక్టరీ పని చేస్తూ వారానికోసారి వస్తుంది. కొడుకు బోయెన్ మా మేడ మీదే ఉంటూ సిమెంటు లారీ నడుపుతాడు. వాళ్ల పిల్ల రుయిఎన్‌కి ఆరేళ్లు, మా దగ్గరే పెరుగుతోంది. తాత మాటలు నాకూ దానికీ తప్ప ఎవరికీ అర్థం కావు.

ఆ బుధవారం బడి మధ్యాహ్నానికే వదిలారు. పెరట్లో పాలకూర కడుగుతున్నాను, వంటగది తలుపు తోసిన చప్పుడైంది. గడియ సరిగా పడలేదు కాబోలు. పరుగెత్తాను. ఆయన చెంచా నోటి దగ్గర ఆగిపోయి ఉంది. మాస్కు బల్ల మీద ఉంది. గుమ్మంలో పిల్ల.

దాని కళ్లు మూద్దామని చెయ్యి చాపాను. ఇప్పుడు చెబుతుంటే సిగ్గేస్తోంది.

అది నా చెయ్యి తోసేసి దగ్గరికెళ్లి నిలబడి చూసింది.

"నాన్న కూడా ఇలాగే తింటాడు" అంది.

"ఏంటే?"

"ఇంత చిన్న చెంచాతో. జామకాయ కొరకలేడు, నోరు తెరుచుకోదు. కారం తగిలితే ఏడుస్తాడు. నానమ్మకి చెప్పొద్దన్నాడు."

బోయెన్ రోజూ అలసిపోయానంటూ అన్నం గిన్నె మేడ మీదికి పట్టుకుపోతాడు. రెండేళ్లుగా అంతే. కష్టపడి వస్తున్నాడు పాపం అనుకునేదాన్ని. మా ఆయనకీ మొదట నోరే ఇలా బిగుసుకుంది. నా చేతుల్లో పాలకూర లేదు. ఎప్పుడు పడిపోయిందో తెలియదు.

ఆయన లేచాడు. స్కూటర్ తాళం తీశాడు.

"మాస్కు! మాస్కండీ!" అని అరిచాను. వెనక్కి తిరగలేదు. పిల్లని ముందు నిలబెట్టుకుని, నన్ను ఎక్కమన్నాడు. సిగ్నల్ దగ్గర పక్క బండి మీద మనిషి చూసి, చూపు తిప్పుకుని, మళ్లీ చూశాడు. ఆయన మెడ మీద తువ్వాలు గాలికి ఎగురుతోంది. నేను ఆ వీపుకి ముఖం దాచుకున్నాను.

సిమెంటు యార్డులో నలుగురు డ్రైవర్లు నీడలో కూర్చుని టీ తాగుతున్నారు. అందులో బోయెన్. బుగ్గలో వక్క.

"ఎవరు కావాలండీ..." అని లేచినవాడు సగంలో ఆగిపోయాడు.

"నాన్నా! మాస్కేది?" అన్నాడు బోయెన్.

ఆయన మూడు వేళ్లు చూపించి ఏదో అన్నాడు.

"మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టమంటున్నార్రా, పడితే నోరు బాగున్నట్టు" అన్నాను.

"ఇక్కడా? అందరి ముందా? పదండి ఇంటికి, పరువు తీయకండి."

"పరువా? నా మొహం చూసి అను" అన్నాడాయన. ఆ మాట నేను విప్పి చెప్పక్కర్లేకపోయింది.

"నాకు నాలుగు పడతాయి, మా ఆవిణ్ణి అడగండి" అన్నాడొక ముసలి డ్రైవరు. ఎవరూ నవ్వలేదు.

బోయెన్ వక్క ఉమ్మేశాడు. రెండు వేళ్లు దూరాయి. మూడోది నెట్టాడు. పట్టలేదు. ఇంకా నెట్టాడు, పెదవి మూల చిట్లింది. కారింది వక్క రసమో రక్తమో తెలియలేదు.

"చాలురా!" అని చెయ్యి లాగేశాను. "ఎన్నాళ్ల నుంచి?"

"రెండేళ్లు."

"మీ నాన్నకి గంజి మిక్సీలో వేసినవాడివి కాదుట్రా నువ్వు?"

"అందుకేనమ్మా. మళ్లీ అదే మాట మీ ఇద్దరికీ ఏ నోటితో చెప్పను? చెప్పకపోతే లేనట్టే అనుకున్నా."

వాడి వెనక మిగతా డ్రైవర్లు ఒక్కొక్కరే అటు తిరిగి నోట్లో వేళ్లు పెట్టుకుని చూసుకుంటున్నారు.

మర్నాడు ఆసుపత్రిలో వాడి నాలుక పక్కన తెల్లటి మచ్చ దొరికింది. కోసి పరీక్షకి పంపారు. వారం తర్వాత, "క్యాన్సర్ అంచు దాకా వచ్చింది, దాటలేదు" అన్నాడు డాక్టరు. ఆ వారం రోజులూ నేను ఏం తిన్నానో, తిన్నానో లేదో గుర్తు లేదు. యార్డు నుంచి ఇంకో ఇద్దరు పరీక్షకి వెళ్లారు. ఒకడు ఆసుపత్రి మంచంలో ఉన్నాడు. నాలుగు వేళ్లు పడతాయన్న ముసలాయనే.

బోయెన్ వక్క మానేశాడు. నోరు సాగడానికి పళ్ల మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు ఒక్కొక్కటీ పెంచుకుంటూ పెట్టుకుంటాడు. పక్కనే వాళ్ల నాన్న కూర్చుని లెక్క తప్పితే తొడ మీద కొడతాడు. ఇప్పుడు ముందు గదిలోనే, మా అందరి మధ్యా తింటున్నాడాయన. అన్నీ చక్కబడ్డాయని కాదు. మొన్న ఒక పెళ్లిలో పక్కనున్నావిడ కంచం పట్టుకుని లేచి వేరే బల్లకి వెళ్లింది. ఆయన ఇంటికొచ్చి రెండు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడో రోజు లేచి, ఆకలేస్తోందన్నాడు.

నాకే ఇంకా తేరుకోవడం రావట్లేదు. ఏడేళ్లు ఒక నోటినే కాచుకుని కూర్చున్నాను. నా నెత్తి మీద గదిలోనే ఇంకో నోరు మూసుకుపోతుంటే చూడలేదు. అది గుర్తొస్తే, చేస్తున్న పని చేతిలోనే ఆగిపోతుంది.